అమ్మవారికి ఎదురుపెట్టె

నేను ఒక రంగులరాట్నాన్ని. రంగులనేవి పేరులో మిగిలాయి గానీ ఒంటిమీద లేవు. పట్నాల్లో కరెంటు మీద తిరిగే ఇనప రాట్నాలుంటాయట, చుట్టూ దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు. వాటితో నాకు చుట్టరికం లేదు. నేను కర్రదాన్ని. రెండు తాటి గుంజలు, వాటి నెత్తిన అడ్డంగా ఒక ఇరుసు, ఇరుసులోంచి బండిచక్రానికున్నట్టు నాలుగు వైపులకీ చాచిన కర్ర ఆకులు, ఆకుల కొసన వేలాడే నాలుగు పెట్టెలు. ఇంతకాలం మనుషుల్ని మోశాక వాళ్ళ గురించి నా అభిప్రాయం అడిగితే మొహమాటం లేకుండా చెబుతాను. ఎక్కిన చోటే దిగడానికి కూడా ముందు నేనంటే ముందు నేనని తోసుకునే జాతి అది.

నా ఇరుసు సండ్రకర్ర, ఇనుమంత గట్టిది. కొత్తవాళ్ళెవరు కనబడినా నేను ముందు ఆ మాటే చెప్పుకుంటాను. అది రాట్నం కోసం కొట్టిన చెట్టు కాదు మరి. కనకాచారి అనే వడ్రంగి దాన్ని దేవుడి రథానికని ఎంచాడు. గొడ్డలి పెట్టే ముందు చెట్టుకి పసుపు రాశాడు, కొబ్బరికాయ కొట్టాడు. ఇరుసు చెక్కడం పూర్తయ్యేసరికి ఆ ఊరి పెద్దలు రథం ఏ బజారులోకి ముందు తిరగాలన్న దగ్గర తగువు పడ్డారు. అరుపుల దగ్గర మొదలై కర్రల దాకా వెళ్ళింది. చక్రాలు పుట్టకముందే రథం ఆగిపోయింది. దేవుణ్ణి ఊరేగించడానికి బయల్దేరి ఆయన్ని గుళ్ళోనే కూర్చోబెట్టిన ఆ మహానుభావుల పుణ్యమా అని నేను కనకాచారి పెరట్లో ఎండకి ఎండి, వానకి తడిసి పడి ఉన్నాను.

అప్పుడు దస్తగిరి వచ్చాడు. తిరునాళ్ళ వెంట తిరిగి గాజులమ్మే మనిషి. గాజులకి ఆడవాళ్ళే వస్తున్నారు, అందరూ వచ్చే వ్యాపారం ఏదన్నా చెప్పమని కనకాచారిని అడిగాడు. కనకాచారి నావైపు చూశాడు.

"దేవుణ్ణి మొయ్యనీలా నిన్ను. పోనీలే, దేవుడా దేవుడా అని అరిచేవోళ్ళని మోద్దువు," అన్నాడు.

ఆ మాట నిజమైంది. నా మీద పైకెక్కిన ప్రతివాడూ దేవుణ్ణి తలుచుకుంటాడు. కిందకి దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపు మర్చిపోతాడు.

నేనెలా తిరుగుతానో మీకు చెప్పాలి. చెప్పకపోతే ఏదో మంత్రం అనుకుంటారు, మీ అలవాటే అది. నాకు మోటారు లేదు, పిడి లేదు. నన్ను తిప్పేది మనిషి బరువు. దస్తగిరి దగ్గర యల్లమంద అనే కుర్రవాడు చేరాడు. వాడు నా ఆకుల మధ్య నుంచి కోతిలా పైకి పాకి, పైకొచ్చిన ఆకు కొస పట్టుకుని వేలాడేవాడు. వాడి బరువుకి ఆ ఆకు కిందకి దిగేది, వాడితో పాటు నేల దాకా వచ్చేది. నేల తగలగానే వాడు వదిలేసి, మళ్ళీ పైకి పాకేవాడు. నాలుగైదు సార్లు అలా చేస్తే ఇక నా ఊపు నాదే. పెట్టెలు చీలల మీద వేలాడతాయి కాబట్టి ఆకు ఎటు తిరిగినా కూర్చున్నవాడి తల ఆకాశం వైపే ఉంటుంది. ఇరుసుకి రోజూ ఆముదం పట్టించాలి.

ఇంకొక్క సంగతి ఉంది. అదే నా ప్రాణం. ఎదురు బరువు. ఒక పెట్టెలో ముగ్గురుంటే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పెట్టెలో కూడా అంత బరువూ ఉండాలి. ఎక్కించేటప్పుడూ అంతే, దింపేటప్పుడూ అంతే. ఒక పెట్టె ఖాళీ చేస్తే తర్వాత దాని ఎదురుపెట్టె ఖాళీ చెయ్యాలి. లేకపోతే బరువైన పక్క ఒక్కసారిగా కిందకొస్తుంది, ఎవరి మాటా వినదు. ఇది పసిపిల్లలకి కూడా ఒక్కసారి చెబితే అర్థమవుతుంది. పెద్దవాళ్ళకే చాలా ఇబ్బంది.

దస్తగిరికి కళ్ళు తగ్గాక నన్ను యల్లమందకి అప్పజెప్పాడు. యల్లమందకి అప్పటికి పెళ్ళయింది. భార్య గురవమ్మ. ఎక్కేవాళ్ళని ఏ పెట్టెలో కూర్చోబెట్టాలో ఆవిడ చూసుకునేది, నోరు కూడా ఆవిడదే. యల్లమంద గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. చూసేవాళ్ళలో ఆడవాళ్ళుంటే ఒంటి చేత్తో వేలాడేవాడు, మీసం సరిచేసుకునేవాడు. ఓసారి అలా సరిచేసుకుంటూ జారి పేడకుప్పలో పడ్డాడు కూడా. అయినా తర్వాతి ఊళ్ళో మళ్ళీ మీసమే.

ఏ ఊరు వెళ్ళినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "మీరెవురు?" అంటే ఏ కులమని. యల్లమంద నవ్వి "రాట్నంవోళ్ళం" అనేవాడు. అడిగినవాడి మొహం కొంచెంసేపు వెలవెలబోయేది, ఏ అరుగు మీద కూర్చోమనాలో తెలియక.

ఇక చింతలగరువు సంగతి. ఆ ఊళ్ళో అంకాలమ్మ తిరునాళ్ళకి మేము ఏటా వెళ్ళేవాళ్ళం. ఊరు రెండు ముక్కలు. పెద్దబజారు ఒకటి, కాలవ అవతల పల్లె ఒకటి. పెద్దబజారువాళ్ళు నా మీదెక్కడానికి ఒక పద్ధతి పెట్టారు. నా నాలుగు పెట్టెల్లో పక్కపక్కనున్న మొదటి రెండూ వాళ్ళవి. మిగిలిన రెండూ పల్లెవాళ్ళవి. ఒకళ్ళు కూర్చున్న చెక్క మీద ఇంకొకళ్ళు కూర్చోకుండా ఏర్పాటు. పెట్టెల మీద గుర్తుకి ముగ్గు పిండితో గీతలు కూడా పెట్టించారు.

నేను చూసి నవ్వుకున్నాను. మొదటిదానికి ఎదురు మూడోది, రెండోదానికి ఎదురు నాలుగోది. అంటే పెద్దబజారు బరువంతటికీ పల్లెవాళ్ళే ఎదురు. వాళ్ళు లేకపోతే వీళ్ళు ఒక్క చుట్టు తిరగలేరు. పైగా ప్రతి చుట్టులోనూ పల్లెవాళ్ళు ఒకసారి వీళ్ళ నెత్తిమీదుగా పోతారు. ఆ క్షణంలో పెద్దబజారు పెద్దమనుషులు కళ్ళు మూసుకునేవాళ్ళు. చూసేవాళ్ళు అది భయమనుకునేవాళ్ళు.

ఆ పద్ధతి పెట్టింది బలరామయ్య. ఉత్సవ కమిటీ పెద్ద. మనిషి కంటే ముందు కండువా నడిచి వస్తుంది. అంకాలమ్మకి ఇంకొక ఆచారం ఉంది. అమ్మ ఊరేగింపు వచ్చేటప్పుడు ఆమె తలకంటే ఎత్తులో ఎవరూ ఉండకూడదు. మేడల మీదవాళ్ళు దిగి వస్తారు, చెట్లెక్కిన పిల్లల్ని దింపుతారు, ఎడ్లబండి మీద కూర్చున్నవాడు కూడా దిగి నిలబడతాడు. రాట్నం సరేసరి. పల్లకి కనబడేలోపు ఖాళీ చేసేవాళ్ళం. మలుపు దగ్గర డప్పు దరువు మారగానే గురవమ్మ దింపడం మొదలుపెట్టేది. ఒకటి, దాని ఎదురుది. మళ్ళీ ఒకటి, దాని ఎదురుది.

ఆ ఏడు పల్లకి తొందరగా వచ్చింది. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. నాలుగు పెట్టెలూ నిండుగా ఉన్నాయి. మొదటి రెంటిలో బలరామయ్య కోడలు, చెల్లెలు, వాళ్ళ బంధువులు. మూడో పెట్టెలో, నాలుగో పెట్టెలో పల్లె ఆడవాళ్ళు. నాలుగోదాంట్లో మార్తమ్మ అనే ముసలావిడ, నవ్వితే ఊళ్ళో సగం మంది తిరిగి చూస్తారు.

డప్పు మారింది. గురవమ్మ మొదటి పెట్టె దింపింది. "మూడోది కిందకి తిప్పు మామా," అంది.

బలరామయ్య పరిగెత్తుకొచ్చాడు. "మూడోదేందే? మనోళ్ళని ముందు దింపు! రెండోది తిప్పు!"

"అట్టా కుదరదయ్యా. ఒకటి దింపితే దాని ఎదురుది దింపాల."

"నాకే చెప్తన్నావా? అమ్మ వస్తంటే మా ఇంటి ఆడోళ్ళు ఆమె నెత్తిన ఊగతా ఉండాలా?"

"వాళ్ళు మటుకు ఆడోళ్ళు గాదా?"

"వాళ్ళ సంగతి తర్వాత! తిప్పండ్రా!"

ఆయన వెనక వచ్చినవాళ్ళు నా ఆకులు పట్టుకుని తిప్పేశారు. రెండో పెట్టె కిందకొచ్చింది. బలరామయ్య చెల్లెలు, బంధువులు దిగి చీరలు సరిచేసుకున్నారు. ఇప్పుడు నా స్థితి చూడండి. కింద రెండో పెట్టె, ఖాళీ. ఒక పక్కకి లేచి మొదటి పెట్టె, ఖాళీ. రెండో పక్క మూడో పెట్టె, నిండా మనుషులు. నెత్తిన నాలుగో పెట్టె, నిండా మనుషులు. ఒక సగం దూది, ఒక సగం రాయి. ఊరిని ఎలా ముక్కలు చేసుకున్నారో నన్నూ అలాగే చేసుకున్నారు. వాళ్ళకి తట్టలేదు గానీ నేను మటుకు పడబోతున్నాను.

నా ఇరుసు కిర్రుమంది. యల్లమందకి ఆ చప్పుడు తెలుసు. ఒక్క ఉదుటున ఆకుల మీదికి పాకి, మొదటి పెట్టె దాటి, ఆకు చిట్టచివరి కొస పట్టుకుని వేలాడాడు. కొసకి వెళ్ళేకొద్దీ బరువు పెరుగుతుంది. మూడో పెట్టె ఆగింది, ఊగుతూ ఆగింది. ఈసారి వాడికి మీసం గుర్తు రాలేదు.

"దిగరా!" అని అరిచాడు బలరామయ్య. "అమ్మ మలుపు తిరిగింది. నెత్తిన ఏలాడతన్నావు, కళ్ళు పోతాయ్!"

"నే దిగితే ఈళ్ళు పోతారయ్యా!" అన్నాడు యల్లమంద పళ్ళ బిగువున.

గురవమ్మ జనం వైపు తిరిగింది. "ఎవరన్నా ఒక ముగ్గురు వచ్చి ఈ కింది పెట్టెలో కూర్చోండయ్యా! పైదానికి ఎదురు బరువైద్ది. నెమ్మదిగా తిప్పి అందర్నీ దింపుతా!"

ఇందాక అదే పెట్టెలో కూర్చుని కేకలు పెట్టినవాళ్ళే అందరూ. ఒక్కరూ కదల్లేదు. ఒకాయన ఉత్తరీయం సర్దుకున్నాడు. ఇంకొకాయన ఆకాశంలో ఏదో చూశాడు. అమ్మ వస్తుంటే నా మీద ఎక్కితే పాపమట. పన్నెండేళ్ళు తపస్సు చేసినవాడికి కూడా అంత చప్పున దొరకదు ధర్మం.

మార్తమ్మ పై నుంచి తొంగి చూసింది. "యల్లమందా, పట్టు వదలమాక నాయనా! బలరామయ్య గారూ, మీ కమిటీ మీటింగు పెట్టుకుని ఏదోకటి తేల్చండి. ఈలోపు మేం ఈడనే ఉంటాంలే, పనేం లేదు!"

పెట్టెలోవాళ్ళు ఏడుపు మధ్యలో నవ్వారు.

అంతలో పల్లకి రానే వచ్చింది. నలుగురు మోస్తున్నారు. పంచలోహాల విగ్రహం, పీటతో కలిపి మోసేవాళ్ళ భుజాలు వాచిపోయేటంత బరువు. డప్పులు ఆగాయి. నెత్తిన మనుషులున్నారు కాబట్టి ముందుకు రాకూడదు. అమ్మ కాబట్టి వెనక్కి పోకూడదు. ఊరంతా నోరు తెరుచుకుని నిలబడింది. యల్లమంద చేతుల్లోంచి చెమట నా ఆకు మీదుగా కారుతోంది. ఇంకాసేపట్లో జారిపోతాడని నాకు తెలుస్తూనే ఉంది.

గురవమ్మ పల్లకికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"అమ్మని ఈ పెట్టెలో కూర్చోబెట్టండి."

"ఏందీ?" అన్నాడు బలరామయ్య.

"ఆమె ఈ పక్క పైకి పోతది. వాళ్ళు ఆ పక్క కిందకొస్తారు. ఇంక ఆమె నెత్తిన ఎవురుంటారు? ఆమే అందరి నెత్తిన ఉంటది. మీ ఆచారం నిలబడుద్ది, నా మొగుడు బతుకుతాడు."

బలరామయ్య కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. పల్లకి మోసేవాళ్ళు ఆయన జవాబు కోసం చూడలేదు. భుజాలు వాళ్ళవి కదా. అమ్మని పీటతో సహా ఎత్తి నా రెండో పెట్టెలో పెట్టేశారు.

రథం కోసం పుట్టిన ఇరుసుని నేను. ఆ బరువు తగలగానే నాలో ఏదో కుదురుకుంది. ఇంకేం చెప్పను, చెబితే నేనూ మనుషుల్లా మాట్లాడినట్టుంటుంది.

మెల్లగా తిప్పారు. మూడో పెట్టె నేలకి వచ్చింది, అందులోవాళ్ళు దిగారు. అమ్మ ఒక పక్కకి లేచింది, మార్తమ్మ పెట్టె రెండో పక్కకి దిగింది. ఒకరికొకరు సరి. యల్లమంద ఆకుల మధ్య నుంచి ఇరుసు దగ్గరికి పాకి, గుంజ పట్టుకుని జారి, కింద కూలబడ్డాడు. ఇంకొంచెం తిప్పారు. మార్తమ్మ పెట్టె నేలకి వచ్చింది. అంకాలమ్మ నా నెత్తిన, ఊరందరి నెత్తిన, పడమటి ఎండలో ధగధగా మెరిసింది. డప్పులు మోగాయి. బలరామయ్య అందరికంటే ముందు చెంపలేసుకున్నాడు, తనే ఎక్కించినట్టు.

మార్తమ్మ దిగబోయింది.

"కదలమాకండి!" అంది గురవమ్మ. "మీరు దిగితే అమ్మ దూకుద్ది!"

అప్పుడు తెలిసింది ఊరికి. అమ్మని దించాలంటే ఎదురుపెట్టె పైకి పోవాలి. ఎదురుపెట్టెలో ఎవరుంటే వాళ్ళు అమ్మ నెత్తిన ఉంటారు. పల్లెవాళ్ళు ఉండకూడదు సరే, పెద్దబజారువాళ్ళు మటుకు ఎలా ఉంటారు? బలరామయ్య మొహంలో ఆలోచన అనేది వచ్చి, ఉండడానికి చోటు దొరక్క వెళ్ళిపోయింది.

"మేం ఇట్టాగే కూర్చోవాలంటావా?" అంది మార్తమ్మ. "అమ్మ మీద ఒట్టు, నాకు బాగానే ఉంది. ఇంటికాడ కూడెవురు వండుతారో అడిగిరాండి."

గురవమ్మ చుట్టూ చూసింది. పిల్లలు కనబడ్డారు. ఆ గొడవంతటిలో వాళ్ళొక్కళ్ళే సంతోషంగా ఉన్నారు.

"బిడ్డని భుజాన ఎక్కించుకుని తిరునాళ్ళు చూపిస్తామే, అప్పుడు బిడ్డ నెత్తి మన నెత్తికంటే పైనే గదా ఉండేది? ఏ తల్లన్నా తప్పు పట్టిందా? ఆమె అమ్మ గాదా? పిల్లల్ని ఎక్కించండి."

విగ్రహం బరువుకి సరిపడాలంటే పెద్దబజారు పిల్లలొక్కళ్ళే చాలలేదు. పల్లె పిల్లల్ని కూడా పిలవాల్సి వచ్చింది. ఒక పెద్దావిడ దిగుతుంటే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎక్కారు. పెట్టె కిక్కిరిసింది. ఎవడి మోకాలు ఎవడి కడుపులో ఉందో, ఎవడి చేతి బెల్లం ముక్క ఎవడి నోట్లోకి పోయిందో చూసేవాడు లేడు. నేను తిరిగాను. అమ్మ నెమ్మదిగా దిగింది. పిల్లలు ఆమె నెత్తిమీదకి కేరింతలు కొడుతూ లేచారు.

అమ్మని పెట్టెలోంచి తీసి పల్లకిలో పెట్టేటప్పుడు ఆ పెట్టెని కిందకి లాగి పట్టుకోవాలి, లేకపోతే పైనున్న పిల్లలు పడతారు. తండ్రులంతా వచ్చి వేలాడారు. పెద్దబజారు చెయ్యి మీద పల్లె చెయ్యి, దాని మీద ఇంకొక చెయ్యి. పైన పిల్లలుంటే పక్కనున్నవాడు ఎవరో చూసే తీరిక ఉండదు. పిల్లలు దిగాక ఆ తీరిక వచ్చింది. చేతులు లాక్కుని ఎవరి పక్కకి వాళ్ళు వెళ్ళారు. ఆ సాయంత్రమే పెద్దబజారులో పిల్లలందరికీ పసుపునీళ్ళ స్నానం.

కొత్త బుద్ధి వచ్చుంటుందని మీరు అనుకుంటే మీరు మనుషుల్ని మోయలేదన్న మాట. మర్నాడు బలరామయ్య చాటింపు వేయించాడు. అమ్మ ఎక్కిన రాట్నం ఇక అమ్మ వాహనం, మనుషులెక్కకూడదు. యల్లమందకి శాలువా కప్పారు, గురవమ్మకి చీర పెట్టారు, నన్ను గుడి ప్రహరీలో రేకుల కింద నిలబెట్టారు.

"శాలువా తింటామా?" అన్నాడు యల్లమంద. జనం చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. భక్తితో ఒకడి పొట్టకొట్టడం ఎంత సులువో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఆ ఇద్దరూ చెరకురసం బండి నడుపుతున్నారు. గురవమ్మ చెరకు పెడుతుంది, యల్లమంద చక్రం తిప్పుతాడు. తిప్పుడు తప్పలేదు పాపం.

ఏటా తిరునాళ్ళకి అమ్మని రెండో పెట్టెలో పెట్టి ఒక్క చుట్టు తిప్పుతారు. ఎదురుపెట్టెలో పిల్లల్ని ఎక్కించరు. బలరామయ్య కొత్త పద్ధతి పెట్టాడు. అమ్మ నెత్తిన పోవాల్సింది తొలికోత వడ్ల బస్తాలే, అవీ గుళ్ళో పూజలందుకున్నవే, వేరే బస్తా దేనికీ ఆ అర్హత లేదు. వాటిని కుట్టి, బొట్లు పెట్టి, గర్భగుడి పక్క కొట్లో దాచారు. వడ్లకి కులం లేదనుకున్నారేమో. ఏ మడిలో పండాయో, ఎవరు కోశారో అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇవాళ మళ్ళీ తిరునాళ్ళు. పల్లకి వచ్చి నా ముందు ఆగింది. ఏటా లాగే యల్లమందని పిలిచారు. నాలుగో పెట్టెని నేలకి దించి, తలుపు తీసి, కొట్టు దగ్గరికెళ్ళి బస్తా ఎత్తుకోవడానికి వంగాడు. బస్తా దిండులా లేచింది. వాడు వెనక్కి తూలాడు. అడుగున చిల్లులోంచి ఊక జలజలా రాలింది. ఎలకలు ఏడాది పొడుగునా ప్రసాదం తిన్నాయి. మిగతావీ అంతే.

"ఇంకో బస్తా తెండ్రా," అన్నాడు బలరామయ్య.

"పూజ చేసినవేనా, మామూలువా?" అని అడిగాడు పూజారి, ఆయన పెట్టిన పద్ధతే ఆయనకి గుర్తుచేస్తూ.

జనమంతా చెరకురసం బండి వైపు తిరిగారు. గురవమ్మ గ్లాసులు కడుగుతోంది. తలెత్తలేదు.

"నన్నేం చూస్తారు? ఒకసారి చెప్పాగా."

మార్తమ్మ కర్ర ఊతంగా ప్రహరీ గుమ్మం దాకా వచ్చింది. వెనకాల పల్లె పిల్లలు. ఇటు పెద్దబజారు పిల్లలు. ఎవరూ పిలవలేదు, అయినా అందరూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు.

పల్లకి మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటున్నారు. బలరామయ్య కండువా తీశాడు, వేసుకున్నాడు, మళ్ళీ తీశాడు. నా ఎదురుపెట్టె నేల మీద తలుపు తెరుచుకుని ఉంది. అది నిండితే తప్ప అమ్మ లేవదు. నా ఇరుసుకి పొద్దున్నే ఆముదం పట్టించారు. నేను సిద్ధంగానే ఉన్నాను. పెద్దలు ఆలోచించుకోనీ, నాకేం తొందర.